ఏడో లైను చీకటి పుస్తకం

గడువు: ఇంకా 90 రోజులు

తప్పు చేసినవాళ్ళ పేరు ముందే రాస్తున్నాను: తీర వెలుగు బోర్డు. మా అమ్మ రాహేలమ్మ చేతికి ఇవాళ పసుపు కార్డు ఇచ్చింది వాళ్ళు. చెడు కొలెస్ట్రాల్ 188. బోర్డు గీసిన గీత 160. కారణం అని ఉన్న గడిలో ముద్ర గుద్దారు: "ఆహార నిర్లక్ష్యం."

ఇరవై ఆరేళ్ళుగా రొయ్యల షెడ్డులో తలలు గిల్లి గిల్లి, వేళ్ళ చివర్లు అరిగిపోయి, హాజరు యంత్రం వేలిముద్ర కూడా గుర్తుపట్టని మనిషి మీద నిర్లక్ష్యమని ముద్ర!

తొంభై రోజులకి మళ్ళీ రక్తం తీస్తారు. అప్పటికీ అంకె గీత దిగకపోతే ఎర్ర కార్డు. ఎర్ర కార్డు వస్తే షెడ్డులో పని పోతుంది, పనితో పాటు బోర్డు ఇల్లు పోతుంది, ఉప్పు మడుల దగ్గర ఎక్కడో దింపడానికి లారీ ఎక్కిస్తారు. నిరుడు తొమ్మిదో లైనులో ఇద్దర్ని ఎక్కించారు. వాళ్ళ కబురు మళ్ళీ రాలేదు.

మా ఏడో లైనుకి పసుపు కార్డులు పదకొండు వచ్చాయి. పదకొండు మందీ నలభై ఐదు దాటినవాళ్ళే. వయసులో ఉన్న పిల్ల ఒక్కతీ లేదు.

కార్డు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను.

"ఏడవకే దీవెనా," అంది అమ్మ.

నేను ఏడవడం లేదు. కోపం వస్తే నా కళ్ళు ఎర్రబడతాయి, అంతే.

"కోపమొచ్చినా ఏడిసినట్టే ఉంటాది నీ మొకం. అన్నం తిను ముందు."

ఈ పుస్తకం అసలు మా లైనువాళ్ళు వంతులేసుకుని నిద్రపోయే చీకటి గది వంతుల పుస్తకం. నా చేతిరాత బాగుంటుందని మూడేళ్ళ కిందట నాకు అప్పగించారు. ముందు వైపు నుంచి వంతులు రాస్తున్నాను. ఇవాళ్టి నుంచి వెనక వైపు నుంచి ఇది రాస్తాను. బోర్డు చేసింది ఎక్కడో ఒకచోట సిరాతో ఉండాలి.

గడువు: ఇంకా 88 రోజులు

షెడ్డు సైరన్ మొదటి కూతకి అమ్మని పనికి పంపి, నేను డిస్పెన్సరీకి వెళ్ళాను. చంకలో మూడు కరపత్రాలున్నాయి. ఒకటి కొవ్వుల గురించి, ఒకటి కార్మిక హక్కుల గురించి, మూడోది తొందరలో చేతికొచ్చింది. చూసుకుంటే పేనుకొరుకుడు గురించి.

ప్రభావతి సిస్టర్‌కి యాభై రెండేళ్ళు ఉంటాయి. మా అమ్మ ఫైలుతోనే విసురుకుంటూ కూర్చుంది.

"కూర్చో. అరవకుండా కూర్చో," అంది, నేను నోరు తెరవకముందే.

"మా అమ్మ ఏం తింటోందో వచ్చి చూడండి సిస్టర్. గంజీ, చారూ, ఆదివారం నాడు రొయ్య తలల పులుసు. ఆఫీసర్లు తినే నెయ్యి వాసన కూడా ఎరగదు."

"మీ అమ్మకి నెలసరి ఆగి ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు."

"ఈస్ట్రోజెన్ అని ఒంట్లో ఒక హార్మోన్ ఉంటుంది. అది ఉన్నన్నాళ్ళూ రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ని కాలేయం లాక్కునేలా చూస్తుంది. నెలసరి ఆగేటప్పుడు అది పడిపోతుంది. అప్పుడు నిన్న తిన్న అన్నమే ఇవాళ తిన్నా అంకె పెరుగుతుంది. చాలామందికి పెరుగుతుంది. నాకూ పెరిగింది."

"మరి నిర్లక్ష్యం అని ఎందుకు గుద్దారు?"

"ముద్ర అదొక్కటే చేయించారు."

నాకు నవ్వు రాలేదు. సిస్టర్‌కీ రాలేదు. ఫైలు బల్ల మీద పెట్టింది.

"నిద్రెంత పోతుంది?"

"రెండు గంటలు. ఎక్కువైతే మూడు."

"మెలటోనిన్ తెలుసా నీకు?"

"చీకటి బిళ్ళలో ఉంటుంది."

"బిళ్ళ తరవాతొచ్చింది. చీకటి పడితే మెదడులో దానంతటది ఊరుతుంది. వయసు మీద పడే కొద్దీ ఊట సన్నగిల్లుతుంది. ఆ మిగిలిన కాస్తనీ వెలుగు తొక్కేస్తుంది. దానికీ నిద్రకీ సంబంధం ఉందని గట్టిగా చెప్పగలను. కొవ్వుతో సంబంధం ఉందనే కాగితాలు కొన్ని చదివాను, లేదనే కాగితాలూ చదివాను. తేల్చి చెప్పేంత మంది మా వయసు ఆడవాళ్ళని ఎవరూ పరీక్షించలేదు."

"ఎందుకు పరీక్షించలేదు?"

"మా నిద్ర ఎవరికి కావాలమ్మా?"

లేచి వస్తుంటే వెనక నుంచి అడిగింది: "మీ అమ్మ పడుకునేది ఇంట్లోనా, చీకటి గదిలోనా?"

"ఇంట్లోనే. చీకటి గది నెలసరి వచ్చేవాళ్ళకి కదండీ."

సిస్టర్ నన్ను చాలాసేపు చూసింది. మా అమ్మ ఫైలు మళ్ళీ తెరిచింది.

గడువు: ఇంకా 81 రోజులు

వారం నుంచి వంట నేనే చేస్తున్నాను. నూనె సీసా దాచేశాను. రొయ్య తలల పులుసు ఆపేశాను. షెడ్డు నుంచి రాగానే గట్టు మీద అరగంట నడవాలని అమ్మకి చెప్పాను.

"పొద్దస్తమానం నిలబడే ఉన్నానే. ఇంకా నడవమంటావేంటి?"

"నిలబడ్డం వేరు, నడవడం వేరు. కరపత్రంలో ఉంది."

"ఆ కరపత్రం రాసినోడ్ని ఓ రోజు షెడ్డుకి తీసుకురా. ఆడి తల కూడా గిల్లేత్తాను."

అయినా నడుస్తోంది. నా కోసం.

నాకు ఇరవై ఏళ్ళు. బోర్డు అద్దాలు ఆకాశంలోకి వెళ్ళిన ఏడాది పుట్టాను. అంతకు ముందు చీకటి పడితే చెరువుల్లో ఆక్సిజన్ పడిపోయి, తెల్లవారేసరికి రొయ్యలు నోళ్ళు తెరుచుకుని తేలేవని అమ్మ చెబుతుంది. ఇప్పుడు నాలుగు అద్దాలు వంతులేసుకుని, రాత్రన్నది లేకుండా మా నెత్తిన ఎండ కాస్తాయి. రొయ్యలు తేలడం లేదు. మగవాళ్ళు బోట్ల మీద వెలుగు అంచు దాటి వేటకి పోయి, అక్కడే నిద్ర తీర్చుకుని వస్తారు. ఆడవాళ్ళకి పాలరేకు గోడల ఇళ్ళే గతి. ఆ రేకులోంచి ఎండ పాలలా వడకట్టుకుని లోపలికొస్తుంది.

ఇవాళ మూడో కూత తరవాత చూస్తే అమ్మ మంచం చుట్టూ రెండు చీరలు కట్టుకుని లోపల పడుకుంది. పది నిమిషాలకే చీరలు పీకి పారేసి, బయటికొచ్చి కుండలో నీళ్ళు నెత్తిన దిమ్మరించుకుంది. మెడ, ఛాతీ కందిపోయి ఉన్నాయి.

"లోపల్నించి ఆవిర్లే. కుక్కర్ మూత తీసినట్టు. చీర కడితే గాలాడదు, తీత్తే ఎలుగు. కళ్ళకి గుడ్డ కట్టుకుంటే చెమటకి జారిపోతంది."

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"రెండేళ్ళు."

"నాకెందుకు చెప్పలేదు?"

అమ్మ తడి జుట్టు పిండుకుంటూ నా వైపు చూడకుండా అంది: "నీ వంతు మొదలైందిగా. పో, పడుకో."

వెళ్ళాను. ఎనిమిది గంటలు పడుకున్నాను.

గడువు: ఇంకా 74 రోజులు

ఇవాళ జరిగింది రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తాను.

వచ్చే పక్షం వంతులు వెయ్యడానికి పుస్తకం ముందు వైపు తెరిచాను. పన్నెండు మంచాలు, రోజుకి మూడు విడతలు, ముప్పై ఆరు వంతులు. లైనులో నెలసరి వచ్చేవాళ్ళు డెబ్బై రెండు మంది. మనిషికి రోజు విడిచి రోజు ఒక వంతు. లెక్క కచ్చితంగా సరిపోతుంది. ఆ సరిపోవడం చూసి నేను ప్రతిసారీ పొంగిపోతాను.

బల్ల మీద పసుపు కార్డుల జాబితా ఉంది. అందులో పేర్లు ఎక్కడో చూసినట్టు అనిపించి పాత పేజీలు తిప్పాను.

మా లైనులో ఒక ఆచారం ఉంది. దిండు అప్పగింత అంటారు. నెలసరి ఆగిన ఆడమనిషి చీకటి గదిలో తన బూరుగుదూది దిండుని, కొత్తగా పెద్దమనిషైన పిల్లకి పసుపూ అరటిపండూ పెట్టి ఇచ్చేస్తుంది. గర్భానికి చీకటి కావాలని నమ్మకం. కానీ దిండు ఇచ్చినా పేరు మాత్రం జాబితా చివర ఉండేది. ఎవరైనా రాక మంచం ఖాళీ అయితే పెద్దవాళ్ళు పడుకునేవాళ్ళు.

ఆ చివరి పేర్లు ఎర్ర సిరాతో కొట్టేసి ఉన్నాయి. స్కేలు పెట్టి, వంకర లేకుండా. పద్నాలుగు పేర్లు. పసుపు కార్డు వచ్చిన పదకొండు మందీ ఆ పద్నాలుగులోనే ఉన్నారు.

ఎర్ర సిరా నాదే. స్కేలూ నాదే.

పుస్తకం చేతికొచ్చిన కొత్తలో ఒక ఆకుపచ్చ కరపత్రం చదివాను. "చీకటి ఎవరికి ముందు?" అని. నెలసరి ఆగిన స్త్రీకి చీకటి అవసరం తక్కువనీ, ఆమె ఖాళీ చేసే ప్రతి గంటా ఒక పసికందుకి కానుకనీ రాసి ఉంది. చదివి కన్నీళ్ళు పెట్టుకున్నాను. ఆ వారమే కొట్టివేతలు మొదలుపెట్టాను. తరవాత ఎవరికి నెలసరి ఆగితే వాళ్ళ పేరు. ఖాళీ మంచాలు గర్భిణులకి రెండో వంతుగా ఇచ్చి, న్యాయం చేశానని పొంగిపోయాను.

పెట్టె అడుగు నుంచి ఆ కరపత్రం తీశాను. మూడేళ్ళలో మొదటిసారి దాని అడుగు భాగం చూశాను. చీమంత అక్షరాలతో ఉంది: తీర వెలుగు బోర్డు ముద్రణాలయం.

కరపత్రం చదివేవాడు ముందు అడుగు చూడాలి. నేను పైనున్న మంచి మాటలే చూశాను.

పద్నాలుగో పేరు రాహేలమ్మ. ఆ తేదీ నాకు గుర్తుంది. దిండు ఇచ్చేసిన మరుసటి వారం అమ్మ వచ్చి, "చివరి వంతు ఒక్క నెల ఉంచవే, బొత్తిగా నిద్ర పట్టట్లేదు," అంది. "నీ కూతురు పుస్తకం రాస్తోందని నీకో రూలూ, వాళ్ళకో రూలూ పెట్టమంటావా? రూలంటే రూలే," అన్నాను. పక్కన నలుగురు ఉన్నారు. గట్టిగానే అన్నాను.

మొదటి పేజీలో ఒక పేరు రాశాను. రెండో పేరు ఇక్కడ రాస్తున్నాను: ఏడో లైను వంతులు రాసే దీవెన.

గడువు: ఇంకా 72 రోజులు

నిన్నంతా అమ్మ మొహం చూడలేకపోయాను. ఇవాళ షెడ్డు తొట్ల దగ్గర, అందరూ ఉండగానే అడిగాను: "నీ వంతు కొట్టేసినప్పుడే నన్ను తిట్టలేదేం?"

అమ్మ చేతిలో రొయ్య ఆపలేదు. "ఎందుకు తిడతాను? కూతురు రూలు తప్పలేదని మురిసిపోయాను. ఆ మురిపెంలోనే రెండేళ్ళూ నిద్ర లేకుండా లాగేశాను."

ఎదుటి తొట్టి దగ్గర బంగారమ్మ అత్త పెద్దగా నవ్వింది. ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు, మా లైనుకి పెద్దదిక్కు, ఆవిడకీ పసుపు కార్డు వచ్చింది. "మురిసిందొక్క మీ యమ్మేనే కోడలా. మేం పదమూడుగురం నిన్ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాం. నీ చెవినపళ్ళేదా?"

పని దిగాక లైను మీటింగ్ పెట్టాను. కొట్టేసిన పేర్లు చదివాను, కొట్టేసింది నేనేనని చెప్పాను, పద్నాలుగు మందికీ వంతులు తిరిగి ఇద్దామన్నాను. ఒక్కసారిగా గోల.

తాయారు లేచింది. నా ఈడుదే, ఏడో నెల. "నీ తప్పుకి నా నిద్ర కోస్తావా? ఎనభై ఆరు మందికి ముప్పై ఆరు వంతులు. నాకు మూడ్రోజులకోసారి వత్తాది. కడుపులో దానికి ఏం చెప్పను, దీవెన పిన్ని మనసు మారిందని చెప్పనా?"

"చీకటి గర్భానికే కావాలని రాసింది బోర్డు!" అన్నాను.

"రాసినోడు బోర్డయితే సదివినదానివి నువ్వే కదా!"

దెబ్బ తగిలింది. తగలాల్సిన చోటే తగిలింది.

చివరికి అమ్మే లేచింది. "ఆపండే. పిల్లల చీకటి మేం లాక్కోం. మాకు ఏరే చీకటి చూడండి. అంతే."

వేరే చీకటి ఉంది. రొయ్య పొట్టు గుట్ట వెనక పాత ఐస్ ఫ్యాక్టరీ. కిటికీల్లేని గోడలు, లోపల చలువ నిలిపే బెండు పలకలు. తాళం బోర్డు దగ్గరుంది.

గడువు: ఇంకా 66 రోజులు

బోర్డు ఆరోగ్య విభాగంలో ఆఫీసర్ గోపాలరత్నం గారిని కలిశాను. ఆయన గదికి నల్ల తెరలున్నాయి. రెండు పొరలు.

"కరపత్రాల అమ్మాయివి నువ్వేనా? కూర్చోమ్మా."

"ఐస్ ఫ్యాక్టరీ తాళం కావాలండి. మా లైనులో పద్నాలుగు మంది పెద్దవాళ్ళు పడుకోవడానికి."

"శిథిలమైన భవనం. కప్పు కూలితే బాధ్యత ఎవరిది?"

"రక్తం తీసి కార్డు రంగు మార్చేటప్పుడు మా బాధ్యత మీదే అన్నారు కదండీ. అదే బాధ్యత."

ఆయన నవ్వాడు. మంచి నవ్వే. సొరుగులోంచి ఒక ఫారం తీశాడు. "చదువుకున్నదానివి, నీకు చెబితే అర్థమవుతుంది. తిండి మార్చుకోమని లైనుకి నువ్వు చెబితే వింటారు. చెప్పు. మీ అమ్మగారికి స్టాఫ్ క్వార్టర్స్ చీకటి గదిలో మంచం రాస్తాను, గడువు తీరేదాకా. ఒక్క సంతకం."

ఆ కాగితం ఆయన మొహాన కొట్టి వచ్చానని రాయాలనుంది. అలా చెయ్యలేదు. మడిచి జాకెట్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. దారి పొడుగునా అమ్మ మెడ మీద ఆ కందిన ఎరుపే కళ్ళ ముందు కనబడింది.

అమ్మ కూడబలుక్కుని చదివింది. "మిగతా పదమూడు మందీ ఎక్కడ పడుకుంటారో ఇందులో ఉందా?"

"లేదు."

కాగితాన్ని ఇంకో రెండు మడతలు పెట్టి, ఊగే బల్ల కాలి కింద దోపింది. బల్ల కదిపి చూసింది. "బాగుంది. రెండేళ్ళ నుంచి ఊగుతంది ఇది."

గడువు: ఇంకా 64 రోజులు

దారి చూపింది బంగారమ్మ అత్త. వాళ్ళాయన ముప్పై ఏళ్ళు ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసి పోయాడు. గోడ అడుగున ఐసు దిమ్మలు బయటికి జార్చే తూము ఉంది, దాని రేకుకి తాళం లేదు. పొట్టు కంపుకి అటు ఎవరూ రారు.

రెండో కూత తరవాత పద్నాలుగు మందీ చాపలు చుట్టుకుని వచ్చారు. తూములోంచి ఒక్కొక్కరే పాకారు. బంగారమ్మ అత్త నడుం దగ్గర ఇరుక్కుంది.

"నెట్టకండే! మా ఆయన దిమ్మని గొలుసుతో లాగేవోడు. లాగండి!"

లాగాం. నవ్వు ఆపుకోలేక కొందరు తూము దగ్గరే కూలబడ్డారు.

లోపల పైన గాలి గొట్టం మూత తెరిచి, రేకు మూశాం. మా చీకటి గదిలో కూడా తలుపు మీద ఎర్ర బల్బు ఉంటుంది. ఇక్కడ ఏమీ లేదు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. బెండు గోడల్లోంచి ఇంకా కాస్త చల్లదనం వస్తోంది.

"దీవెనా," అమ్మ గొంతు. "నా చెయ్యి నాకే కనపడట్లేదే." ఆ గొంతులో ఉన్నది నవ్వు. నా పుట్టుకకి ముందటి నవ్వు అనిపించింది.

కూత కూసినప్పుడు పదమూడు మందే లేచారు. బంగారమ్మ అత్త కదల్లేదు. ఇంకో గంట ఆగాం, ఆవిడ పడుకుని తొమ్మిది గంటలయింది. రేకు తెరిచి, అమ్మ ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. అందరం ఊపిరి బిగబట్టాం.

"ఏవే రాహేలూ," ఆవిడ కళ్ళు తెరవకుండానే అంది. "బతికున్న మనిషిని పాతేద్దామనా? దుప్పటి కప్పి పో."

గడువు: ఇంకా 38 రోజులు

రాసుకుంటున్నవి: నిద్ర గంటలు, ఆవిర్లు ఎన్నిసార్లు, నడక, తిండి. వారానికోసారి ప్రభావతి సిస్టర్ పొట్టు గుట్ట దాకా వచ్చి బీపీ చూస్తోంది. "నేనిక్కడికి రాలేదు," అంటుంది ప్రతిసారీ, పట్టీ చుడుతూ.

మొదట్లో సగటున రెండున్నర గంటల నిద్ర. ఇప్పుడు ఆరుంపావు. తొమ్మిది మందికి బీపీ దిగింది. ఆవిర్లు పోలేదు గానీ, వచ్చినా మళ్ళీ నిద్ర పడుతోందట. షెడ్డులో తొట్ల మీద తూగి వేళ్ళు కోసుకోవడం లేదు.

ఇవాళ తూము దగ్గరికి తాయారు వచ్చింది. చంకలో దిండు. తొమ్మిదేళ్ళ కిందట బంగారమ్మ అత్త తనకి అప్పగించినదది.

"తలకింద ఏం లేక అత్త మెడ పట్టేసిందంట. ఇది ఇయ్యి. అరువే. కానుపయ్యాక మళ్ళీ నాకు కావాలి."

నాతో ఆ ఒక్క మాటే మాట్లాడింది. చాలు.

గడువు: ఇంకా 6 రోజులు

సిస్టర్ ముందుగానే రక్తం తీసింది. ఫలితాలు పెన్సిలుతో రాసిన కాగితం మీద నా చేతిలో పెట్టింది.

ఏడుగురు 160 దిగారు. ముగ్గురు దిగారు గానీ గీత పైనే ఉన్నారు: 172, 169, 164. పదకొండో మనిషి మా అమ్మ. 181.

"తప్పు రాశారు," అన్నాను.

"రెండుసార్లు చూశాను."

"అందరికంటే ఎక్కువ నడిచింది! ఒక్క పూట నిద్ర మానలేదు! నూనె చుక్క ముట్టలేదు!"

"మీ అమ్మమ్మ ఎలా పోయింది?"

"గుండె ఆగి. నలభై ఏడుకే."

"అదీ సంగతి. కొందరి కాలేయం తీరే అంత, తల్లి నుంచి వస్తుంది. ఎంత చీకటి పోసినా దిగదు. దానికి బిళ్ళ ఉంది, రోజుకొకటి. స్టాఫ్ క్వార్టర్స్ వాళ్ళకి రాస్తాను. లైను వాళ్ళకి రాయడానికి నాకు అనుమతి లేదు." కాస్త ఆగి అంది: "ఇంకోటి కూడా విను. ఆ ఏడుగురికీ చీకటి వల్లే దిగిందని చాటింపు వెయ్యకు. నడిచారు, తిండి మార్చారు, పగలబడి నవ్వుకున్నారు. దేనివల్ల ఎంతో నాకు తెలీదు. నిద్ర పట్టిందని మాత్రం ఒట్టు వేసి చెప్తాను."

కాగితం పెన్సిలుతో ఉంది. నా జేబులో రబ్బరు ఉంది. 181లో నడిమి ఎనిమిదిని అయిదు చేసి, చివరి ఒకటిని ఎనిమిది చేస్తే 158. నేను రాసి ఊరంతా పంచాలనుకున్న కరపత్రంలో "పదకొండులో ఎనిమిది" అని ఉంటుంది. ఇంట్లో బల్ల ముందు కూర్చుని రబ్బరు చేతిలోకి తీసుకున్నాను.

అమ్మ వెనకే నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

"బోర్డోడు పేజీ అడుగున చిన్న అచ్చులో దాచుకున్నాడు. నువ్వు రబ్బరుతో దాచుకుంటావా?"

"నిన్ను లారీ ఎక్కిస్తారమ్మా."

"ఎక్కించనీ. ముందు నా అంకె రాయి. నాలాంటిది ప్రతి లైనులో ఒకత్తి ఉంటాది. దిగినోళ్ళవి మాత్రం రాత్తే, దిగనోళ్ళది నిజంగానే నిర్లచ్చం అయిపోద్ది. అప్పుడు ఆళ్ళని లారీ ఎక్కించేది నువ్వే."

నా కళ్ళు ఎర్రబడ్డాయి. ఈసారి కోపం వల్ల కాదు. సిరాతో రాశాను: రాహేలమ్మ, 188, ఇప్పుడు 181.

గడువు: ఇంకా 1 రోజు

ఐస్ ఫ్యాక్టరీ గోడకి నోటీసు అంటించారు. రేపు రక్త పరీక్షలు ముగిశాక తూముకి సిమెంటు పెడతారట. మా నిద్ర వాళ్ళకి ఇప్పటికి కనబడింది.

అందుకే ఈ చివరి పేజీ అన్ని లైన్లకీ రాస్తున్నాను. తాయారూ, నేనూ కలిసి నూట ఇరవై కాపీలు రాశాం. అడుగున ఎవరు రాశారో పెద్ద అక్షరాలతో ఉంది.

అక్కలారా, అత్తలారా, పిన్నులారా! నేను మీ పేర్ల మీద ఎర్ర గీత గీసినదాన్ని. బోర్డు అబద్ధం అచ్చువేసింది, నేను దాన్ని చక్కటి రాతలో అమలు చేశాను. మా లెక్క ఈ పుస్తకంలో ఉన్నదున్నట్టు ఉంది. ఏడుగురికి దిగింది, ముగ్గురికి కొంత దిగింది, మా అమ్మకి దాదాపు దిగలేదు. అయిదుగురికి బీపీ మారలేదు. పద్నాలుగు మందికీ నిద్ర పట్టింది. చీకటి అన్ని జబ్బులకీ మందని నేను చెప్పను. నెలసరి ఆగినంత మాత్రాన ఆడమనిషికి చీకటి అక్కర్లేదన్న మాట అబద్ధమని చెబుతాను. వయసు తెచ్చిన అంకెనీ, తల్లి నుంచి వచ్చిన అంకెనీ నేరంగా రాసే కార్డు అబద్ధమని చెబుతాను. ఐస్ ఫ్యాక్టరీకి తలుపు తెరవాలి. అవసరమైనవాళ్ళకి బిళ్ళ రాసే అనుమతి సిస్టర్‌కి ఇవ్వాలి. రక్తం చూసి ఇల్లు లాక్కోవడం ఆగాలి. ఈ మూడింటి మీదా బోర్డు సంతకం పడేదాకా రేపు ఏ ఆడమనిషీ రక్తానికీ, రొయ్యకీ చెయ్యి చాపదు, పద్దెనిమిదేళ్ళదైనా, అరవయ్యేళ్ళదైనా.

రేపు మూడో చెరువు పట్టుబడి. ఒలవని రొయ్య ఈ ఎండలో నాలుగు గంటలు కూడా ఆగదు. మా అమ్మలు రెండేళ్ళు ఆగారు.

చీకటి గదిలో ఈ పూట మీరు ఎవరి దిండు మీద తల పెట్టుకున్నారో గుర్తు తెచ్చుకోండి. పసుపూ అరటిపండూ పెట్టి మీకు ఆ దిండు ఇచ్చినావిడ ఇంటికి వెళ్ళండి. పేరు పెట్టి పిలవండి. దిండు ఒక చేత్తో, ఆవిడ చెయ్యి ఒక చేత్తో పట్టుకుని రండి. వరసలో ముందు మా అమ్మ ఉంటుంది, 181 అని అట్ట మీద రాసి మెళ్ళో వేసుకుని. అట్ట మీద అంకె వేసింది నేనే, స్కేలు పెట్టి, వంకర లేకుండా.

రేపు, మొదటి కూతకి, ఆరు గంటలకి, ఐస్ ఫ్యాక్టరీ తూము ముందు.